మధ్యలో ఆగిన నాణెం

పాతకాలపు అమెరికన్ నాణేల ఫోను ఎలా పనిచేసేదో చదివినప్పుడల్లా నా దృష్టి ఒక్కచోటే నిలిచిపోతుంది. పైనున్న చీలికలో వేసిన నాణెం తిన్నగా గల్లాపెట్టెలో పడదు. వాలుగా ఉన్న సందులోంచి దొర్లి, దారిలో ఓ గంటను తాకి, అడుగున చిన్న తొట్టిలోకి వచ్చి ఆగుతుంది. ఆ తొట్టికి అడుగు ఒక రేకు తలుపు. దాని కింద రెండు దారులు. ఒకటి తాళం వేసిన కంపెనీ డబ్బాలోకి, రెండోది ఫోను చేసినవాడి చేతికందే గిన్నెలోకి. అవతలివాళ్ళు ఫోనెత్తి మాట్లాడారా, ఎక్స్ఛేంజి నుంచి వంద వోల్టులు దాటిన కరెంటు ఆ తీగ మీదే వస్తుంది, లోపలి రిలే కదిలి నాణేన్ని డబ్బాలోకి వదులుతుంది. ఎవరూ ఎత్తలేదా, అంతే కరెంటు ఎదురు దిశలో వస్తుంది, రిలే ఇంకో పక్కకు వాలుతుంది, నాణెం చప్పుడు చేసుకుంటూ గిన్నెలోకి తిరిగొస్తుంది. తీగ మారదు, యంత్రం మారదు. ప్లస్సు మైనస్సయితే చాలు, డబ్బు యజమాని మారిపోతాడు.

తొట్టిలో ఉన్న ఆ కాసేపూ నాణెం ఎవరిది? వేసినవాడు చేతిలోంచి వదిలేశాడు. పని జరగలేదు కాబట్టి కంపెనీ తనదనడానికి వీల్లేదు. త్రిశంకుడి స్థితి దానిది. ఆ స్థితిని గుర్తించి, దానికంటూ లోహంతో ఒక చోటు కట్టి పెట్టిన మనిషి మీద నాకు గౌరవం. యంత్రాల చేత డబ్బు వసూలు చేయించే విద్యలో మనుషులు కనిపెట్టినవాటన్నిటిలోకీ ఈ తొట్టినే నేను గొప్పదనుకుంటాను. డబ్బు పుచ్చుకునే యంత్రం చేయడానికి ఒక చీలిక, ఒక పెట్టె, ఒక తాళం ఉంటే చాలు. పని కాకపోతే, అడిగించుకోకుండా తిరిగి ఇచ్చే యంత్రం చేయాలంటే మాత్రం, డబ్బు వేసిన మనిషి అక్కడ ఒంటరిగా నిలబడి ఉన్నాడని, గొడవ పడదామన్నా అతనికి ఎదురుగా ఎవరూ లేరని చేసేవాడికి ముందుగా తట్టాలి.

అలెగ్జాండ్రియాలో మొదటి శతాబ్దంలో హీరో అనే గ్రీకు మేధావి ఉండేవాడు. గుడిలో తీర్థం పోసే యంత్రం ఒకటి ఆయన పుస్తకంలో ఉంది. ఐదు ద్రాక్మాల నాణెం వేస్తే అది మీట చివరనున్న పళ్ళెంలో పడుతుంది. బరువుకి ఆ చివర వంగుతుంది, రెండో చివర లేచి కవాటం తెరుచుకుంటుంది, నీళ్ళు పడతాయి. పళ్ళెం వాలి నాణెం జారిపోగానే మీట యథాస్థానానికి వచ్చి నీళ్ళు ఆగిపోతాయి. మనిషి అవసరం లేకుండా సొమ్ముకి సరిపడా సరుకు. ఇప్పటి మంచినీళ్ళ ఏటీఎంలో ఉన్నదీ ఆ ఆలోచనే. కాకపోతే లోపల నీళ్ళు అయిపోయినా హీరో యంత్రం నాణెం పుచ్చుకుంటుంది. గుడికి ఇచ్చింది గుడికే చెందుతుంది కాబట్టి అక్కడ ఆ ప్రశ్న పుట్టి ఉండదు.

టెలిఫోను దగ్గర పుట్టింది. 1889లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ పట్టణంలో ఒక బ్యాంకులో మొదటి నాణేల ఫోను పెట్టారు. చేసినవాడు విలియం గ్రే. భార్యకు జబ్బు చేసి డాక్టరుకు కబురు పెట్టాల్సి వచ్చిందని, దగ్గర్లోని ఫ్యాక్టరీలో ఫోను ఉన్నా చందాదారులకు తప్ప ఇవ్వమన్నారని, ఆ బాధలోంచే ఆయనకీ ఊహ వచ్చిందని చెబుతారు. అప్పట్లో ఫోను అంటే నెలనెలా చందా కట్టే కొద్దిమందిది. మిగతావాళ్ళు ప్రాణం మీదికి వచ్చినా ఎవరో ఒకరిని బతిమాలుకోవాల్సిందే. గ్రే ఆ బతిమాలడాన్ని తీసేశాడు. చేతిలో నాణెం ఉంటే చాలు, ముఖం చూపించి పరిచయం చెప్పుకోనక్కర్లేదు.

ఆయన మొదటి ఫోనులో ముందు మాట్లాడటం, తర్వాత డబ్బు వేయడం. వేశాడో లేదో ఎక్స్ఛేంజిలో కూర్చున్న ఆపరేటరుకి తెలిసేదెలా? అందుకే లోపల గంటలు. తర్వాత వచ్చిన మూడు చీలికల ఫోన్లలో ఐదు సెంట్ల నాణెం ఒకసారి టింగుమనేది, పది సెంట్లది రెండుసార్లు, పాతిక సెంట్లది వేరే గంట మీద బరువుగా మోగేది. ఆపరేటర్లు చెవులతోనే లెక్క కట్టుకునేవారు. కంటికి కనబడని మనిషి, కంటికి కనబడని డబ్బు, మధ్యలో సాక్ష్యం చెప్పడానికి ఒక శబ్దం. ఈరోజు కూరగాయల బండి మీద ఉండే చిన్న సౌండ్ బాక్సు 'యాభై రూపాయలు అందాయి' అని పలికినప్పుడల్లా నాకు ఆ గంటలు గుర్తొస్తాయి. ఫోను తెర మీద దొంగ రసీదులు చూపించి సరుకు పట్టుకుపోయేవాళ్ళు ఎక్కువయ్యాక బండి మీద వ్యాపారం చేసేవాళ్ళకి ఆ పెట్టె అక్కరకొచ్చింది. కళ్ళు తూకం మీద ఉంటాయి, చేతులు సంచిలో ఉంటాయి, డబ్బు సంగతి చెవి చూసుకుంటుంది.

మాట్లాడేశాక డబ్బు వేయకుండా వెళ్ళిపోయేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు. పదేళ్ళు తిరగకముందే, 1898లో, షికాగోలో ముందే నాణెం వేసే ఫోన్లు వచ్చాయి. ఈ మార్పుని చరిత్రలు ఒక్క వాక్యంలో దాటేస్తాయి. నేను దాటలేను. ముందు సరుకా, ముందు సొమ్మా అనేది ప్రతి లావాదేవీలోనూ ఉండే ప్రశ్న. ఎవరు ముందు ఇస్తారో వాళ్ళు రెండోవాడిని నమ్ముతున్నట్టు. పల్లెలో కిరాణాకొట్టు వాడు ఖాతా పుస్తకంలో రాసుకుని బియ్యం కొలిచాడంటే నమ్మినవాడు అతను. మాట మాట్లాడనిచ్చి తర్వాత నాణెం అడిగిన గ్రే ఫోనూ అలాగే మనిషిని నమ్మింది. ముందే వేయమన్నాక నమ్మాల్సిన భారం మొత్తం కొనేవాడి మీద పడింది. అందుకే ఆ తొట్టీ ఆ రెండు దారులూ కావలసి వచ్చాయి. 'నువ్వు ముందు నన్ను నమ్మావు గనక, నీ డబ్బు తిరిగిచ్చే బాధ్యత నాది' అని యంత్రం చేత ఒప్పించడం అది. ముందు పుచ్చుకునే హక్కు, తిరిగిచ్చే బాధ్యత జంటగా పుట్టాలని నేను గట్టిగా నమ్ముతాను. ఒకటి ఉండి రెండోది లేనిచోట న్యాయం లేదు.

ఇంగ్లండులో దీన్ని ఇంకా బాహాటంగా చేశారు. 1925 నుంచి అక్కడి ఫోను పెట్టెలకి రెండు మీటలు: ఏ, బీ. పెన్నీలు వేసి నంబరు తిప్పాలి. అవతల 'హలో' అనగానే ఏ నొక్కాలి. నొక్కేదాకా వాళ్ళ మాట మనకి వినబడుతుంది, మన మాట వాళ్ళకి వెళ్ళదు. నొక్కగానే పెన్నీలు డబ్బాలో పడి మాట కలుస్తుంది. ఎవరూ ఎత్తకపోతే బీ నొక్కాలి, డబ్బు వెనక్కొస్తుంది. తిరిగి పుచ్చుకునే హక్కు ఇక్కడ ఒక లోహపు గుండీగా వేలికి తగులుతుంది. ఎవర్నీ అడగనక్కర్లేదు. ఎలా నొక్కాలో పక్కనే పలక మీద రాసి ఉండేది. ఆ దేశంలో ఒక తరం పిల్లలు ఫోను పెట్టె కనబడితే చాలు, లోపలికి దూరి బీ నొక్కి, ఎవరైనా మరిచిపోయిన పెన్నీలు వస్తాయేమో చూసుకునేవారట.

తిరిగొచ్చే దారికి ఒక బలహీనత ఉంది. డబ్బా వైపు దారికి తాళం ఉంటుంది, గిన్నె వైపు దారి జనానికి తెరిచి ఉండాలి. దొంగలు అది కనిపెట్టారు. కాగితమో గుడ్డపీలికో ఆ గొట్టంలోకి కుక్కి వెళ్ళిపోయేవారు. పాపం ఫోను కలవని మనిషి గుండీ నొక్కుతాడు, ఏమీ రాదు, యంత్రం పాడైందనుకుని పోతాడు. సాయంత్రం దొంగ వచ్చి పీలిక లాగితే రోజంతా ఆగిన నాణేలు రాలతాయి. అమెరికాలోనూ ఇంగ్లండులోనూ ఇది పెద్ద బెడద. మోసం జరిగింది కదా అని తిరిగొచ్చే దారినే మూసేయమనేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. ఫోన్లు తయారుచేసిన ఇంజినీర్లు అలా చేయలేదు. గొట్టం వంపు మార్చారు, లోపల అడ్డురేకులు పెట్టారు, గిన్నెకి మూత బిగించారు. దారిని కాపాడుకున్నారు. అది వాళ్ళ వృత్తిధర్మం.

కార్డులు వచ్చాక ఆ దారి సన్నబడింది. 1976లో ఇటలీలో అయస్కాంతపు పట్టీ ఉన్న టెలిఫోను కార్డులు మొదలయ్యాయి. ఆ రోజుల్లో అక్కడ చిల్లరకి ఎంత కరువంటే, బ్యాంకులు చిన్న చిన్న కాగితపు చెక్కులు అచ్చేసి చిల్లరగా చెలామణీ చేశాయి, టెలిఫోను బిళ్ళల్ని జనం బజారులో డబ్బుగా వాడారు. నాణెమే దొరకనప్పుడు నాణేల ఫోను ఏం పనిచేస్తుంది? పైగా డబ్బాలు పగలగొట్టే దొంగలు. కార్డుతో రెండు బాధలూ తీరాయి. జపాన్‌లో 1982లో వచ్చిన కార్డుకి మాట్లాడిన కొద్దీ చిన్న చిల్లు పడేది, మిగిలిందెంతో కంటికి ఉజ్జాయింపుగా తెలిసేలా. ఆ చిల్లు నాకు నచ్చుతుంది. ఎవరి లెక్క వాళ్ళకి చూపించాలన్న మర్యాద అందులో ఉంది.

ఫ్రాన్సులో రోలాన్ మొరేనో 1974లో చిప్ కార్డు మీద పేటెంటు తీసుకున్నాడు. పదేళ్ళ లోపే, 1983లో, అది టెలిఫోను కార్డుగా జనం చేతికొచ్చింది. ఆ మొదటి తరం చిప్‌లో ఒక్కో యూనిట్టూ ఒక్కో గడి. మాట్లాడిన కొద్దీ గడి తర్వాత గడి విద్యుత్తుతో మార్చేస్తారు. ఒకసారి మారిన గడి మళ్ళీ మామూలు కాదు. దొంగలెవరూ కార్డుని తిరిగి నింపుకోలేకుండా చేసిన ఏర్పాటది. చాలా తెలివైనదే. కానీ దానికో మూల్యం ఉంది. పొరపాటున ఒక యూనిట్టు ఎక్కువ పోతే యంత్రం కావాలనుకున్నా తిరిగి ఇవ్వలేదు. తొట్టి పోయింది, రెండో దారి పోయింది. అంతకంటే పెద్ద మార్పు ఇంకొకటి. ఒక్క ఫోనుకి డబ్బు వేయడం పోయి, యాభై, నూటఇరవై యూనిట్లకి ఒకేసారి ముందే కట్టడం వచ్చింది. జేబులో మరిచిపోయిన కార్డులో మిగిలిన యూనిట్లు కంపెనీకే మిగులు.

ఆ తర్వాత వచ్చిన గీకుడు కార్డుల సంగతి అమెరికా వెళ్ళిన తెలుగు విద్యార్థుల్ని అడగండి. 1990ల చివర్లో, 2000ల మొదట్లో ఇండియన్ స్టోరు గల్లా దగ్గర వేలాడే కార్డు కొనుక్కుని, వెనక గీకి, పొడుగాటి నంబరు కొట్టి ఇంటికి మాట్లాడేవారు. ఇన్ని నిమిషాలని కార్డు మీద పెద్దక్షరాలు. కలిపినందుకు ఇంత, నిమిషం లోపు ఎంత మాట్లాడినా నిమిషం కిందే లెక్క, వారానికి ఇంత కోత అని చిన్నక్షరాలు. చెప్పినన్ని నిమిషాలు ఇవ్వడం లేదని 2008లో అక్కడి ప్రభుత్వపు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కొన్ని కార్డుల కంపెనీల మీద కోర్టుకెళ్ళింది. ఆ కార్డులు కొన్నవాళ్ళలో ఎక్కువమంది అక్కడికి వలస వచ్చినవాళ్ళు. అమ్మ గొంతు వినడానికి డబ్బు పెట్టి, మధ్యలో లైను తెగితే గోడు చెప్పుకునే చోటు తెలియనివాళ్ళు. తిరిగొచ్చే దారి మూసినప్పుడు దెబ్బ తగిలేది ఎప్పుడూ ఇలాంటివాళ్ళకే.

మన దగ్గర కథ ఇంకో దారిలో నడిచింది. 1960లో లక్నో, కాన్పూరుల మధ్య మన దేశంలో మొదటిసారి ఆపరేటరు లేకుండా ఊరి నుంచి ఊరికి నేరుగా ఫోను కలిసింది. అది సామాన్యుడి దాకా రావడానికి మరో పాతికేళ్ళు పట్టింది. 1984లో టెలిఫోను పరిశోధన సంస్థ సీడాట్ ఏర్పడి, ఇంజినీరు శామ్ పిట్రోడా లాంటివాళ్ళ పూనికతో మన వాతావరణానికి తట్టుకునే ఎక్స్ఛేంజీలు తయారయ్యాక, పసుపురంగు బోర్డులతో ఎస్టీడీ బూత్‌లు వీధివీధికీ వెలిశాయి. మిగతా దేశాలు మనిషిని తీసేసి యంత్రాన్ని నిలబెట్టాయి. మనం యంత్రం పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టాం. ఆ కుర్చీ చాలాసార్లు వికలాంగులకీ, నిరుద్యోగులకీ బతుకుతెరువైంది. యంత్రం లెక్క పెట్టేది, మనిషి డబ్బు పుచ్చుకునేవాడు.

ఆ మీటరు ఎప్పుడు తిరగడం మొదలెట్టాలో దానికి తెలియాలి కదా. అవతల ఫోనెత్తగానే ఎక్స్ఛేంజి ఆ తీగ మీద ప్లస్సునీ మైనస్సునీ తారుమారు చేసేది. బూత్‌లో ఉన్న పెట్టె ఆ తిరుగుడుని కనిపెట్టి లెక్క మొదలెట్టేది. పాత అమెరికన్ ఫోను తొట్టిలో నాణేన్ని అటో ఇటో తోసింది ఈ కిటుకే. ఆ సదుపాయం ఇవ్వని లైన్లూ ఉండేవి. అక్కడ నంబరు నొక్కిన కాసేపటికి పెట్టె తనంతట తానే లెక్క పెట్టేసేది. అవతల ఎత్తినా ఎత్తకపోయినా ఎర్ర అంకెలు పరిగెత్తేవి, కాగితపు చుట్ట మీద బిల్లు గరగరా అచ్చయ్యేది.

తెనాలి బస్టాండు ఎదుట మేం వెళ్ళే బూత్‌లో అలాంటి లైనే ఉండేది. దాన్ని నడిపే ఆయన కాలికి పోలియో. చేతికర్ర కుర్చీకి ఆనించి, గాజు తలుపులోంచి మా ముఖాలు చూస్తూ కూర్చునేవారు. తలుపు తీసుకుని బయటికి రాగానే బిల్లు చింపకముందే అడిగేవారు, 'ఎత్తారా బాబూ?' అని. లేదంటే బిల్లు చించి చెత్తబుట్టలో పడేసి, 'పోనీలే, ఇంకోసారి చూడు, పది నిమిషాలాగి' అనేవారు. ఎత్తారో లేదో ఆయనకి తెలిసే మార్గం లేదు. మాట్లాడేసి ఎత్తలేదని చెప్పినా నమ్మేవారేమో. పెదవుల కదలిక చూసేవారని మా స్నేహితులు అనేవాళ్ళు గానీ, ఆయన ఎవరినీ నిలదీయగా నేను చూడలేదు. ఎక్స్ఛేంజిలో తిరిగిన మీటరుకీ ఈయన చింపిన బిల్లులకీ నెలాఖరున పొంతన కుదరకపోతే ఆ తేడా ఆయన నెత్తిమీదే. అయినా అడిగేవారు. పెట్టెలో లేని రెండో దారి ఆ మనిషిలో ఉండేది.

కడప జిల్లా నుంచి, కోనసీమ నుంచి కువైటు వెళ్ళి ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళ కుటుంబాలకి ఈ బూత్‌లే ఆధారం. ఐఎస్‌డీ నిమిషం అంటే కూలివాడి రోజు సంపాదనలో పెద్ద ముక్క. పిల్లల్ని వరసగా నిలబెట్టి ఒక్కొక్కరి చేత ఒక్కో మాట అనిపించి, అంకెలు చూస్తూ రిసీవరు లాక్కునే నాయనమ్మల్ని ఆ ఊళ్ళలో బూత్ నడిపినవాళ్ళందరూ చూసే ఉంటారు. మాట మధ్యలో లైను తెగితే ఆ అరనిమిషం ఎవరి ఖాతాలో వేయాలనేది వాళ్ళకి చిన్న విషయం కాదు.

కిళ్ళీ కొట్ల దగ్గర వేలాడిన ఎర్రఫోను వచ్చాక మనకీ నాణేల యంత్రం అలవాటైంది. 'రూపాయి మింగేసింది' అనే మాట అప్పుడే నోళ్ళలో పడింది. మింగితే పక్కన అరచేత్తో రెండు తట్టడం, కొట్టువాడు 'అట్లా కొట్టకయ్యా' అనడం. రూపాయి బిళ్ళ కూడా నిలకడగా ఉండేది కాదు. 1992లో వచ్చిన స్టీలు బిళ్ళ అడ్డంగా 25 మిల్లీమీటర్లు, 2011లో వచ్చింది 22. బిళ్ళని కొలతతోనూ బరువుతోనూ గుర్తుపట్టే యంత్రానికి సర్కారు బిళ్ళ మార్చినప్పుడల్లా కొత్తగా నేర్పాలి. నేర్పకపోతే మంచి రూపాయిని కాదంటుంది, లేకపోతే మింగి ఊరుకుంటుంది.

యంత్రమే లేకుండా తిరిగి ఇచ్చే పద్ధతి ఒకటి మన ఆర్టీసీ బస్సుల్లో చూశాను. చిల్లర లేనప్పుడు కండక్టరు టికెట్టు వెనక బాల్‌పెన్నుతో '8' అని రాసి సున్నా చుట్టి ఇస్తాడు. దిగేటప్పుడు అడిగి తీసుకోవాలి. ఒక్కోసారి ఇద్దరి బాకీ కలిపి ఒకే నోటు ఒకరి చేతిలో పెట్టి, 'మీరిద్దరూ సర్దుకోండి' అంటాడు. ముక్కూ ముఖం తెలియని ఇద్దరు కలిసి బస్టాండులో చిల్లర వెతుక్కుంటారు. బాకీ ఉన్నానని రాతపూర్వకంగా ఒప్పుకునే పద్ధతి అది. దిగే తొందరలో మరిచిపోయేవాళ్ళు ఎక్కువ, నిజమే. అయినా ఆ అంకె ఉన్నంతసేపూ డబ్బు ఎవరిదనే విషయంలో ఎవరికీ అనుమానం లేదు.

ఇప్పుడు మనందరి చేతిలోనూ ఉన్నది యూపీఐ. 2016లో మొదలైంది. 2025 ఆగస్టులో ఒక్క నెలలోనే లావాదేవీలు 2,000 కోట్లు దాటాయి. ఇంత పెద్ద వసూలు యంత్రం మన దేశంలో ఇంతకుముందు ఎవరూ కట్టలేదు. లోపల జరిగేది ఇది: మన బ్యాంకు మన ఖాతాలో డబ్బు తగ్గిస్తుంది, యూపీఐని నడిపే నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ స్విచ్చి ఆ కబురు అవతలి బ్యాంకుకి చేరవేసి జమ చేయమంటుంది, వాళ్ళు చేశామని బదులిస్తారు. ఆ బదులు వేళకి రాకపోతేనే చిక్కు. జమ అయిందో లేదో ఎవరికీ తెలియని పరిస్థితి. డబ్బు ఇటు లేదు, అటు చేరిన జాడ లేదు. మళ్ళీ ఆ తొట్టే, కాకపోతే ఇప్పుడది రెండు బ్యాంకుల కంప్యూటర్ల మధ్య, మన కంటికి అందని చోట ఉంది. అమెరికన్ ఫోనులో నాణెం తొట్టిలో కాసేపే ఉండేది. ఇక్కడ రోజులు ఉండొచ్చు.

ఒక సాయంత్రం మా వీధి చివర కూరగాయల బండి దగ్గర నాకది ఎదురైంది. 180 రూపాయలు నా ఖాతాలో తగ్గాయని మెసేజీ వచ్చింది. ఆమె పెట్టె పలకలేదు. ఆమె పెట్టె వైపు, నేను ఫోను వైపు చూస్తూ నిలబడ్డాం. వెనక నలుగురు ఆగి ఉన్నారు. చివరికి ఆమే తేల్చింది. 'తీసుకెళ్ళన్నా. పడితే సరే. నీకే తిరిగొస్తే రేపు తెచ్చియ్యి.' టమాటాలు, బెండకాయలు, కొత్తిమీర కట్ట సంచిలో వేసేసింది. మర్నాడు మధ్యాహ్నానికి డబ్బు నా ఖాతాలోకి తిరిగొచ్చింది, సాయంత్రం ఇచ్చేశాను. రోజంతా కలిపి నాలుగైదొందలు మిగుల్చుకునే మనిషి, దేశంలో అతిపెద్ద చెల్లింపుల వ్యవస్థ తడబడినప్పుడు తన టమాటాలతో దాన్ని నిలబెట్టింది. ఇలాంటివాళ్ళు ఎంతమంది రోజూ నిలబెడుతున్నారో ఏ గణాంకంలోనూ ఉండదు.

అలాగని మనకి బీ మీట లేదని కాదు. 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఒక ఉత్తర్వు ఇచ్చింది. యూపీఐలో ఒకరి నుంచి ఒకరికి పంపిన డబ్బు అవతల జమ కాకపోతే మర్నాటికల్లా దానంతటదే వెనక్కి రావాలి. కొట్టులో చెల్లించినప్పుడు మన ఖాతాలో తగ్గి కొట్టువాడికి ధ్రువీకరణ రాకపోతే ఐదు రోజుల్లో రావాలి. ఏటీఎంలో నోట్లు రాకుండా ఖాతాలో తగ్గినా అదే ఐదు రోజుల గడువు. గడువు దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున పరిహారం, అదీ ఫిర్యాదు కోసం చూడకుండా బ్యాంకే ఇవ్వాలి. 'ఫిర్యాదు కోసం చూడకుండా' అన్న ఆ ఒక్క ముక్క రాసినవారెవరో గానీ, నాణేల తొట్టి కట్టినవాళ్ళ కోవకి చెందినవారు. నిలబడి అడగలేని మనిషిని మనసులో పెట్టుకుని రాశారు.

తిరిగొచ్చే దారిలో పీలికలు కుక్కేవాళ్ళు ఇప్పుడూ ఉన్నారు. మీకు రిఫండు రావాలి, పిన్ను కొట్టండి అని ఫోను చేసి, డబ్బు అడిగే రిక్వెస్టు పంపించి ఉన్నది ఊడ్చుకుపోయారు. డబ్బు వెనక్కి వస్తుందన్న ఆశనే ఎరగా వేసే మోసం కాబట్టి ఇది మిగతావాటికంటే నీచమైనదని నా అభిప్రాయం. డబ్బు రావడానికి పిన్ను ఎప్పుడూ అక్కర్లేదు, పోవడానికే కావాలి. ఈ సంగతి తెలియక పోగొట్టుకున్న పెద్దవాళ్ళెందరో. చివరికి వ్యక్తుల మధ్య అలా రిక్వెస్టు పంపి డబ్బడిగే సౌకర్యాన్నే 2025 అక్టోబరు నుంచి తీసేశారు. అది మంచి పని. మోసగాడు వాడుకున్న దారిని మూశారు, న్యాయంగా డబ్బు వెనక్కొచ్చే దారి జోలికి పోలేదు.

నాకు మిగిలిన అసంతృప్తి ఒక్కటే, అది తీర్చడం పెద్ద పనీ కాదు. లండన్ ఫోను పెట్టెలో బీ మీట ఎప్పుడు నొక్కాలో పలక మీద రాసి గోడకి బిగించారు. మన కొట్ల మీద అతికించిన క్యూఆర్ పలకల్లో కొట్టు పేరుంటుంది, కంపెనీ బొమ్మలుంటాయి. డబ్బు మధ్యలో ఆగితే ఏమవుతుందో ఒక్క ముక్క ఉండదు. ఆ కూరగాయలమ్మకి ఐదు రోజుల గడువు గురించి తెలియదు, నా వెనక నిలబడ్డ నలుగురికీ తెలిసినట్టు లేదు. ఆ పలక కింద అంగుళం ఖాళీ ఉంటుంది. అందులో తెలుగులో, కళ్ళజోడు లేకుండా చదివేంత అక్షరాల్లో ఇలా అచ్చేస్తే సరిపోతుంది: 'మీ ఖాతాలో డబ్బు తగ్గి, కొట్టుకి చేరకపోతే ఐదు రోజుల్లో అదే తిరిగి వస్తుంది. ఆలస్యమైతే రోజుకి 100 రూపాయలు మీ బ్యాంకు ఇవ్వాలి. దీనికోసం ఎవరికీ పిన్ను చెప్పకండి.'